తుపానుకు ముందే చూసుకోవలసిన ఫైళ్లు

విశాఖలో సర్వరు గదికి ఉప్పుగాలితోనూ, పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ముతోనూ ఏడాది పొడుగునా పేచీయే. అక్టోబరు వస్తే తుపాను భయం తోడవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 185 కిలోమీటర్ల దాకా గాలులతో ఇక్కడే తీరం దాటింది. ఎయిర్‌పోర్టు టెర్మినల్ దెబ్బతింది, ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయింది, ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి దెబ్బ తర్వాత డేటాబేస్ మళ్లీ లేస్తుందా లేదా అన్నది చాలావరకు ఒక చిన్న ఫైలు మీద ఆధారపడి ఉంటుంది. ఓరాకిల్ వాడేవాళ్లు దాన్ని కంట్రోల్ ఫైలు అంటారు.

డేటాబేస్ పేరు, దాని గుర్తింపు సంఖ్య, డేటాఫైళ్లు, రీడో లాగులు ఎక్కడెక్కడ ఉన్నాయి, చివరి చెక్‌పాయింట్ ఎక్కడ పడింది అన్నవన్నీ అందులోనే ఉంటాయి. అది దొరక్కపోతే డేటాబేస్ మౌంట్ కాదు. టెరాబైట్ల డేటా డిస్కు మీద క్షేమంగా ఉన్నా సరే, తెర మీద ఓఆర్‌ఏ-00205 అని కనిపించి అక్కడితో ఆగిపోతుంది.

చేయవలసినవి

కంట్రోల్ ఫైలుకు కనీసం రెండు కాపీలు, వీలైతే మూడు పెట్టండి. ఎనిమిది దాకా అనుమతి ఉంది, అన్ని అక్కర్లేదు. ఎన్ని కాపీలన్న దానికన్నా అవి ఎక్కడున్నాయన్నది ముఖ్యం. పేరుకు మూడు కాపీలుండి, మూడూ ఒకే స్టోరేజీ పెట్టెలో ఉన్న చోట్లు తక్కువేం కాదు. ఆ పెట్టె పోతే మూడూ పోతాయి. వేర్వేరు డిస్కులు, వేర్వేరు కంట్రోలర్లు ఉండాలి. ఇంకో సంగతి గుర్తుంచుకోండి: ఓరాకిల్ అన్ని కాపీల్లోనూ రాస్తుంది కాబట్టి, నడుస్తుండగా ఒక్కటి అందకపోయినా ఇన్‌స్టెన్స్ పడిపోతుంది. కాపీలు పెట్టేది పడిపోకుండా కాదు, పడ్డాక త్వరగా లేవడానికి.

కొత్త కాపీ చేర్చాలంటే వరస ఇది: ఎస్పీఫైల్‌లో కంట్రోల్_ఫైల్స్ పరామీటరు మార్చాలి, డేటాబేస్‌ను సవ్యంగా ఆపాలి, ఫైలును కాపీ చేయాలి, మళ్లీ మొదలుపెట్టాలి.

ఓరాకిల్ బ్యాకప్ సాధనం ఆర్‌మ్యాన్‌లో కంట్రోల్ ఫైలు ఆటోబ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఫైళ్లు చేర్చినప్పుడల్లా 'బ్యాకప్ కంట్రోల్‌ఫైల్ టు ట్రేస్' ఆదేశం ఇచ్చి, ఆ స్క్రిప్టును వేరే యంత్రంలో దాచండి. డేటాబేస్ గుర్తింపు సంఖ్యను కాగితం మీద రాసుకోండి. రికవరీ కేటలాగ్ లేనిచోట అన్నీ పోయాక ఆటోబ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవడానికి ఆ అంకె కావాలి. కరెంటు లేని ఊళ్లో కాగితమే నయం.

కంట్రోల్_ఫైల్_రికార్డ్_కీప్_టైమ్ విలువ మొదట్లో 7 రోజులే ఉంటుంది. మీరు బ్యాకప్‌లను 30 రోజులు ఉంచుకుంటూ దీన్ని ఏడు దగ్గరే వదిలేస్తే, పాత బ్యాకప్ డిస్కు మీద ఉన్నా దాని జాడ కంట్రోల్ ఫైలులో చెరిగిపోవచ్చు. బ్యాకప్ గడువు కంటే కాస్త ఎక్కువే పెట్టండి.

ఇక ఫైళ్ల పరిమితి. డీబీ_ఫైల్స్ అనే పరామీటరు మొదట 200 దగ్గర ఉంటుంది. 8 కేబీ బ్లాకుతో మామూలు డేటాఫైలు 32 జీబీ దాటి పెరగదు. అంటే ప్రతి ఫైలూ నిండా వాడుకున్నా 6,400 జీబీ దగ్గర గోడ తగులుతుంది. నిజానికి సగం నిండిన చిన్న ఫైళ్లు బోలెడుంటాయి గనుక ఆ గోడ ఇంకా ముందే వస్తుంది. 201వ ఫైలు చేర్చబోతే ఓఆర్‌ఏ-00059. అప్పటికి డేటాబేస్ ఆగదు. అసలు చిక్కు టేబుల్‌స్పేస్ నిండినప్పుడు వస్తుంది: వేబ్రిడ్జి మీద లారీ నిలబడి ఉంటుంది, తూకం చీటీ మాత్రం సేవ్ కాదు, వెనక లైను పెరుగుతూ పోతుంది.

డీబీ_ఫైల్స్ విలువ డేటాబేస్ నడుస్తుండగా మారదు, రీస్టార్ట్ తప్పదు. పోర్టుకు, ఉక్కు కర్మాగారానికి రాత్రీ పగలూ తేడా లేదు. కోక్ ఓవెన్ బ్యాటరీని ఒకసారి వేడెక్కించాక ఆయుష్షున్నంత కాలం చల్లారనివ్వరు. అలాంటి చోట డేటాబేస్‌ను ఒక గంట ఆపుతామంటే ఎవరికి మాత్రం ఇష్టం? అందుకే యంత్రాల మెయింటెనెన్సుకు షట్‌డౌన్ అడిగినట్టే దీనికీ ముందుగా రాతపూర్వకంగా అడగండి. వి$డేటాఫైల్‌లో లెక్క చూసి, పరిమితిలో 80 శాతం దాటగానే అడగడం మొదలుపెట్టండి.

రీస్టార్ట్‌కు వీలులేని వేళ గోడ తగిలితే కంగారు పడకండి. నిండిన టేబుల్‌స్పేస్‌లోనే 32 జీబీ కంటే చిన్నగా ఉన్న ఫైళ్లను వెతికి, డిస్కులో చోటుంటే రీసైజ్ చేయండి. తెల్లవారేదాకా బండి నడుస్తుంది. కొత్తగా కట్టే పెద్ద టేబుల్‌స్పేస్‌లకు బిగ్‌ఫైల్ రకం ఎంచుకుంటే ఒకే ఫైలు 32 టీబీ దాకా పెరుగుతుంది. అయితే దాని బ్యాకప్‌ను భాగాలుగా తీసే ఏర్పాటు కూడా చేసుకోవాలి.

హైదరాబాదులోనో మరోచోటో స్టాండ్‌బై డేటాబేస్ ఉంటే అక్కడా డీబీ_ఫైల్స్ పెంచండి. ఇక్కడ పెంచి అక్కడ మరిచిపోతే, కొత్త ఫైలు చేరిన నాడు అక్కడ రికవరీ ఆగుతుంది. ఎవరూ చూడకపోతే తుపాను రోజున గానీ ఆ సంగతి బయటపడదు.

లినక్స్‌లో ఓరాకిల్ యూజరుకు తెరిచి ఉంచగల ఫైళ్ల హద్దు కూడా ఒకసారి చూడండి. లోపల డీబీ_ఫైల్స్ పెంచినా బయట యూలిమిట్ ఇరుకుగా ఉంటే లాభం లేదు.

చేయకూడనివి

డేటాబేస్ నడుస్తుండగా కంట్రోల్ ఫైలును సీపీ ఆదేశంతో కాపీ చేసి అదే బ్యాకప్ అనుకోవద్దు. సగం రాసిన కాపీ చేతికి రావచ్చు.

భయంతో డీబీ_ఫైల్స్‌ను ఏకంగా 65,533 చేయొద్దు. మెమరీ దండగ. రెండు మూడేళ్ల పెరుగుదలకు సరిపడా పెంచితే చాలు.

మ్యాక్స్‌డేటాఫైల్స్ పెంచడానికి కంట్రోల్ ఫైలునే మళ్లీ సృష్టించాలనే పాత సలహా ఇంకా చేతులు మారుతూనే ఉంది. వినొద్దు. డీబీ_ఫైల్స్ హద్దు లోపల ఉన్నంతవరకు కంట్రోల్ ఫైలు తనంతట తానే పెరుగుతుంది. అవసరం లేని శస్త్రచికిత్స అది.

కరెంటు పోయి వచ్చాక ఓఆర్‌ఏ-00214 కనిపిస్తే కాపీల మధ్య వెర్షన్ తేడా వచ్చిందని అర్థం. తొందరపడి ఏదీ చెరపొద్దు. ముందు అన్ని కాపీలనూ పక్కన భద్రపరచండి. ఆ సందేశంలోనే రెండు వెర్షన్ సంఖ్యలూ ఉంటాయి. ఎక్కువ సంఖ్య ఉన్న దాన్ని మిగతావాటి స్థానంలో పెట్టి మౌంట్ చేసి చూడండి. బ్యాకప్ నుంచి తెచ్చిన కంట్రోల్ ఫైలుతో రికవరీ చేసి రీసెట్‌లాగ్స్‌తో తెరవడం ఆఖరి మెట్టు. అక్కడిదాకా వెళ్తే, తెరిచిన వెంటనే పూర్తి బ్యాకప్ తీయండి.

డేటాఫైలు పొరపాటున ఆర్‌ఎం ఆదేశానికి బలైతే వెంటనే డేటాబేస్ ఆపొద్దు. చాలామంది సరిగ్గా ఇక్కడే చేజేతులా నష్టపోతారు. ఏదైనా ప్రాసెస్ ఆ ఫైలును తెరిచి ఉంచినంతసేపు లినక్స్ దాని సరుకును పారేయదు. ప్రాక్ డైరెక్టరీలోని ఎఫ్‌డీ లింకుల ద్వారా దాన్ని చేరుకునే దారి ఉంటుంది. ఆపేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అనుభవం ఉన్నవాళ్లను పిలిచేదాకా చేతులు కట్టుకోవడమే మేలు.

యూపీఎస్ చివరి నిమిషం దాకా ఆగి షట్‌డౌన్ ఇవ్వొద్దు. పెద్ద లావాదేవీ వెనక్కి తిప్పడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ సెప్టెంబరు ముగిసేలోగా పరీక్ష యంత్రం మీద ఒక కంట్రోల్ ఫైలును కావాలనే తీసేసి, తిరిగి లేపి చూడండి. ఆ పని మీరొక్కరే చేయడం కాదు, సి షిఫ్టులో ఉండే కొత్త కుర్రాడి చేత కూడా చేయించండి.