తోటకూర: గుణములు, జాగ్రత్తలు

ఏది తినవచ్చును, ఏది తినరాదు అన్న విచారణ మన ఇండ్లలో క్రొత్త కాదు. అయితే తినదగిన వస్తువునైనను ఎవరు, ఎప్పుడు, ఎట్లు తినవలెనో తెలిసినప్పుడే అది మేలు చేయును. తోటకూర ఇందుకు మంచి ఉదాహరణము.

తెలంగాణమునుండి వచ్చి షోలాపూరు తూర్పు పేటలలో స్థిరపడిన పద్మశాలీల ఇండ్లలో తోటకూర పప్పు, పులుసు నిత్యము కనబడును. ఇక్కడి బజారులో లేత ఆకును తాందుళజా అనియు, ఎఱ్ఱదానిని లాల్ మాఠ్ అనియు, గింజను రాజగిరా అనియు అందురు. ఇవన్నియు ఒకే కుటుంబపు మొక్కలు.

గుణములు

నూరు గ్రాముల పచ్చి ఆకులో 200 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము ఉన్నది. కంటికి మేలుచేయు ఎ విటమిను నిచ్చు పదార్థము, సి విటమిను, మలబద్ధమును పోగొట్టు పీచు కూడ కలవు. రాజగిరాలో నూటికి 13, 14 పాళ్లు మాంసకృత్తులున్నవి. గోధుమ పడనివారికి దాని పిండి రొట్టెలు పనికివచ్చును.

ఇనుము సంగతి

తోటకూర తింటే రక్తము పట్టునని అందరును అందురు. ఇందులో నిజమున్నది గాని, సగమే. నూరు గ్రాముల ఆకులో ఇనుము సుమారు 2 నుండి 5 మిల్లీగ్రాములు మాత్రమే. మన దేశపు స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాములు కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినది. పైగా ఆకులోని ఇనుము శరీరమునకు కొద్దిగానే పట్టును. నిమ్మరసము పిండిన కొంత హెచ్చుగా పట్టును. భోజనము కాగానే టీ త్రాగిన తగ్గును. కనుక బీడీలు చుట్టు స్త్రీ గాని, మన ఇంటి కోడలు గాని పాలిపోయి, ఆయాసపడుచున్నచో కూర పెట్టి ఊరకుండరాదు. రక్తపరీక్ష చేయించి, వైద్యుడిచ్చిన ఇనుప మాత్రలు వాడించవలెను. కూర ఆ మందుకు తోడు మాత్రమే.

ఎవరు జాగ్రత్తపడవలెను

మూత్రపిండములలో రాళ్లున్నవారు మొదటివారు. తోటకూరలో ఆక్సాలేటు హెచ్చు. రాళ్లలో ఎక్కువ భాగము కాల్షియము ఆక్సాలేటువే. షోలాపూరు వేసవి 40 డిగ్రీలు దాటును. మరమగ్గముల కార్ఖానాలలో చెమట కారి, మూత్రము చిక్కబడును. చౌవిహార నియమమున్నవారు సూర్యాస్తమయమునకు ముందే, పగలంతయు కొద్దికొద్దిగా నీరు చాలినంత త్రాగవలెను. ఆకును ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోసిన ఆక్సాలేటు కొంత పోవును. భోజనములో పెరుగున్న, అందలి కాల్షియము దానిని ప్రేగులలోనే పట్టి ఉంచును. అయితే పప్పుతో వండిన దినమున ద్విదళ దోషము రాకుండ పచ్చి పెరుగు మాని కాచిన మజ్జిగ తీసికొనవలెను.

రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారు ఆకుకూరను ఒకనాడు మిక్కిలిగా తిని మరునాడు పూర్తిగా మానరాదు. ఇందలి కె విటమిను ఆ మందు పనికి అడ్డు తగులును. పరిమాణము వైద్యునితో నిశ్చయించుకొనవలెను. మూత్రపిండములు చెడినవారికి పొటాషియము వలన హాని కలుగవచ్చును. మధుమేహమున్నవారు బెల్లముతో కట్టిన రాజగిరా లడ్డూలను ఆరోగ్యపు తిండి అనుకొని తినరాదు. బెల్లము అటుండగా పేలిన గింజయే త్వరగా అరిగి రక్తములో చక్కెరను పెంచును.

వంటింట్లో

చాతుర్మాస్యములో ఆకుకూరలను మానుట మనకు అలవాటే. వానకాలమున ఆకు అడుగున పురుగులు, గ్రుడ్లు హెచ్చుగా చేరును. తక్కిన కాలమునందును వెలుతురులో ఆకు ఆకు త్రిప్పి చూచి, పలుమార్లు కడిగి వండవలెను. మురుగు నీటితో పెంచినది కొనరాదు. వండిన కూరను రాత్రికి నిలువయుంచరాదు. అందలి నైట్రేటు నిలువలో హానికరముగా మారవచ్చును. ఈ విషయమున మన నియమము, వైద్యుల మాట ఒక్కటే.

ఆకు మానిన నెలలలో రాజగిరాను వాడుకొనవచ్చును. ఇరుగుపొరుగువారికి ఇది ఉపవాసపు తిండి. మన ఉపవాసమున దీనికి తావు లేదు గాని, భోజనము చేయు దినములలో మంచి ఆహారము. గింజ చిన్నదగుటచే ఇసుక, పురుగు కానరావు. కొద్దిగా కొని, జల్లించి, తడి తగులని డబ్బాలో ఉంచవలెను.

ఇంటిలో ఎవరికి రాళ్లున్నవో, ఎవరు ఏ మందు వాడుచున్నారో వండువారికి తెలిసియుండవలెను. అది తెలిసిన ఇంటిలో తోటకూర అందరికిని మేలే చేయును.