మోటారుకారు నడుపువారికి చేతితొడుగులు అవసరమా?

కారు ముందుభాగముననున్న చిన్న అరను ఆంగ్లమున ‘గ్లవ్ బాక్సు’ అందురు. అనగా చేతితొడుగుల పెట్టె. నేడు దానిలో కాగితములే గాని తొడుగులు కానరావు. ఆ పేరెట్లు వచ్చెను?

తొలినాటి కార్లలో పెక్కింటికి పైకప్పు లేదు. చలిగాలికి వ్రేళ్లు కొంకర్లు పోయెడివి; స్టీరింగు చక్రము త్రిప్పుటకు మిక్కిలి బలము కావలసియుండెను. 1909లో డొరతీ లెవిట్ అను ఆంగ్ల వనిత, కారు నడుపు స్త్రీలకై రచించిన గ్రంథమున, ఆసనము క్రింది సొరుగులో తొడుగుల నుంచుకొనుడని బోధించెను. 1951లో క్రైస్లర్ కంపెనీవారు పవర్ స్టీరింగు గల కార్లను విక్రయింప నారంభించిరి. అట్టి సాధనములు వ్యాపించిన కొలది తొడుగుల యావశ్యకత తగ్గెను.

అయినను అవి వ్యర్థములని తలపరాదు. మన వేసవిలో ఎండన నిలిపిన కారు చక్రము చేతిని చురుక్కుమనిపించును. చెమట పట్టిన అరచేయి జారును. అప్పుడు చేతికి బిగువుగా నమరు పలుచని తోలుతొడుగు మేలు. ఉన్ని, నూలు తొడుగులు నున్నని చక్రముపై జారును. దళసరివి స్పర్శను తెలియనీయవు. వానికంటె పొడిగానున్న వట్టిచేయియే మేలు.

తొడుగెంత మేలైనదైనను, అజాగ్రత్తగల చేతిని అది కాపాడజాలదని మరువకుడు.