క్రియ చివర వినకండి, ముందు వినండి

పోయిన నెల ఫ్రెంచి డిక్టేషన్‌లో నాకు రెండు మార్కులు పోయాయి. మేడమ్ 'ఇల్ పార్ల్' అని చదివారు. 'అతను మాట్లాడతాడు' అనుకుని రాసేశాను. అక్కడ ఉండాల్సింది 'వాళ్లు మాట్లాడతారు'. వినడానికి రెండూ ఒక్కటే! 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం పిల్లవి, నీకే రాకపోతే ఎలా అని ఇంట్లో అమ్మ.

మన తెలుగులో ఈ గొడవ లేదు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు అంటే చాలు, ఎవరో చివరే చెప్పేస్తుంది. నాన్న మాట్లాడే తమిళంలోనూ అంతే: వందేన్, వందాయ్. ఫ్రెంచిలో నేను, నువ్వు, అతను, వాళ్లు, అందరికీ వినిపించేది 'పార్ల్' ఒక్కటే. 'వాళ్లు' రూపం చివర ఈ, ఎన్, టీ అని మూడు లెటర్లు రాస్తాం, ఒక్కటీ పలకం. అందుకే ముందు సర్వనామం తప్పదు.

'మేము', 'మీరు' దగ్గర మాత్రం ప్రత్యయం వినిపిస్తుంది: నూ పార్లోఁ, వూ పార్లే. (నూ, వూ వింటే మన ను, వు గుర్తొస్తాయి కానీ చుట్టరికం ఏమీ లేదు.) ఇప్పుడు 'పార్లోఁ'ని విడదీద్దాం. అర్థాన్ని బట్టి పార్ల్ + ఓఁ. నోటికి మాత్రం పార్-లోఁ. ధాతువులోని ల్ ప్రత్యయం పక్కకి వెళ్లిపోయింది. 'ఫినిసోఁ' (ముగిస్తాం) ఇంకా తమాషా. అర్థానికి ఫిన్ + ఇస్ + ఓఁ, నోటికి ఫి-ని-సోఁ. ఒక్క విరుపూ కలవదు. వింతేం కాదు. వచ్చ్ + ఆ + ను అని విడదీసినదాన్నే మనం వచ్-చా-ను అని పలికి, ఛందస్సు క్లాసులో త గణం అంటున్నాం కదా. గణానికి ధాతువుతో పనేముంది?

వాళ్ల పద్యంలోనూ లెక్క వేరే. 'దొన్‌రోఁ' (మేం ఇస్తాం, భవిష్యత్తు) మాటల్లో రెండక్షరాలు. పద్యంలో దొ-న-రోఁ అని మూడు. మామూలుగా మింగేసే అచ్చు అక్కడ లెక్కకొస్తుంది. అలెగ్జాండ్రిన్ పాదానికి 12 అక్షరాలు. ఆ అచ్చుని వదిలేస్తే పాదం కుంటుతుంది.

ఇంకోటి. 'ఆ' (ఉంది) + 'ఇల్' (అతను) కలిపి ప్రశ్న వేస్తే 'ఆతిల్' అవుతుంది. ఆ త్ క్రియదీ కాదు, సర్వనామానిదీ కాదు. పల్లె + ఊరు = పల్లెటూరు అని టుగాగమం చదివిన మనకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు.

మళ్లీ నా డిక్టేషన్‌కి వస్తా. తర్వాతి వాక్యం 'ఇల్‌జెమ్' (వాళ్లు ప్రేమిస్తారు). 'అతను' అయితే 'ఇ-లెమ్' అని ఉండేది. 'వాళ్లు' అనే సర్వనామం చివర పలకని ఎస్ ఒకటుంది. తర్వాత అచ్చు తగిలితే అది జ్ అయి లేచి, క్రియతో కలిసి ఒకే అక్షరమైపోతుంది. అంటే బహువచనం క్రియ మొదట్లో వినిపించింది. నేను తెలుగు అలవాటుతో చివర చెవి పెట్టాను. ఆ జ్ విని ఉంటే వెనక్కెళ్లి పై వాక్యమూ దిద్దుకునేదాన్ని.

మంగళవారం మళ్లీ డిక్టేషన్. లంచ్‌లో ఎవరైనా 'ఇలెమ్', 'ఇల్‌జెమ్' మార్చి మార్చి నాకు చదివి పెడతారా?