దొరకని ఫైలు

పల్లెటూళ్ళలోని పెద్ద యిండ్లలో వస్తువులకు లోటుండదు. అటకమీద జాడీలు, గదిలో గాదెలు, మంచము క్రింద ట్రంకుపెట్టె, ఆ పెట్టెలో దస్తావేజులు. ఏ వస్తువు ఎక్కడ నున్నదో ఆ యింటి ముసలమ్మకు తెలియును. ఆమె ఊరిలో లేని దినమున పొలము పట్టా కావలసివచ్చినచో, ఇల్లంతయు తలక్రిందులు చేసినను దొరకదు. పట్టా ఇంటిలోనే యున్నది. కాని వెదకువానికి అది లేనట్లే. వస్తువును దాచుట యొక పని. దాచినదానిని వేళకు తీయగలుగుట మఱియొక పని.

నేటి యిండ్లలోని పత్రములు, ఛాయాచిత్రములు, వ్రాతప్రతులు పెక్కు కంప్యూటరులోనికి చేరుచున్నవి. సామాన్యమైన కంప్యూటరులో సైతము లక్షలకొలది ఫైళ్ళు ఉండవచ్చును. వానిలో కోరినదానిని చూపుటకై వెదకు సాధన మొకటి కంప్యూటరులోనే అమర్పబడి యున్నది. దానిని 'సెర్చ్' అందురు. అది గొప్ప ఉపకారి. కాని అది ఎట్లు పనిచేయునో తెలియనివారిని ఒక్కొక్కప్పుడు కంట తడి పెట్టించును.

ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలికకు అట్టి సంకటమే కలిగినది. ఆ తరగతి విద్యార్థులలో పేదవారైన ప్రతిభావంతులకై కేంద్ర ప్రభుత్వము 2008లో 'నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్' అను ఉపకారవేతనమును నెలకొల్పినది. పరీక్షలో నెగ్గి ఎన్నికైనవారికి తొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు ఏటేట 12,000 రూపాయలు లభించును. ఆ బాలిక తండ్రి దర్జీపని చేయువాడు. ఈ ధనము లభించినచో ఆమె చదువునకు ఆటంకముండదు. దరఖాస్తునకు ఆదాయ ధ్రువపత్రము కావలెను. తండ్రి గత మాసమున దానిని తెచ్చి, అంగడిలో స్కాను చేయించెను. ఆమె అన్న ఆ ఫైలును పెన్‌డ్రైవులో తెచ్చి ఇంటి కంప్యూటరులో వేసి, తాను కళాశాలకు పోయెను. తరువాత అసలు కాగితము వానలో తడిసి చెడిపోయినది. మఱునాడే దరఖాస్తునకు కడపటి దినము.

బాలిక కంప్యూటరు ముందు కూర్చుండి, వెదకు గడిలో 'ఆదాయ ధ్రువపత్రము' అని వ్రాసినది. సరిపోలునది ఏదియు లేదని సమాధానము వచ్చినది. మరల వ్రాసినది, మరల అదే సమాధానము. ఆమెకు ఏడుపు వచ్చినది. ఆ సాయంకాలము ఆమె మేనమామ వారి యింటికి వచ్చెను. ఆయన ఒక శాఖా గ్రంథాలయములో ఉద్యోగి.

"మామయ్యా, ఆ ఫైలు పోయినది. కంప్యూటరే లేదని చెప్పుచున్నది" అని ఆమె మొఱపెట్టుకొనెను.

"అమ్మాయీ, అది లేదని చెప్పలేదు. తనకు తెలిసినంతవఱకు లేదని చెప్పినది. ఈ రెండు మాటలకును చాల భేదమున్నది" అని ఆయన పలికెను.

"కంప్యూటరులోనే ఉన్నది కంప్యూటరునకు ఎట్లు తెలియకుండును?"

"మా గ్రంథాలయములో వేలకొలది పుస్తకములున్నవి. ఎవరైన ఒక పుస్తకము అడిగినచో నేను బీరువాలన్నియు తెఱచి చూతునా? చూడను. పుస్తకముల పట్టిక చూతును. క్రొత్తగా వచ్చిన పుస్తకము పట్టిక కెక్కలేదనుకొనుము. అది బీరువాలోనే ఉండును. నేను మాత్రము లేదనియే చెప్పుదును. నీ కంప్యూటరు చేసినదియు అంతియే."

మేనమామ చెప్పిన ఉపమానము సరియైనది. వెదకుటకు రెండు మార్గములు కలవు. మొదటిది ఒక్కొక్క ఫోల్డరును తెఱచి చూచుచు పోవుట. 1995లో వెలువడిన విండోస్ 95లోని 'ఫైండ్' అను సాధనము ఈ విధముగనే వెదకుచుండెడిది. ఫైళ్ళు కొలదిగా నున్నపుడు ఈ పద్ధతి చాలును. లక్షలైనపుడు వెదకువాని ఓర్పు చాలదు. రెండవ మార్గము ముందుగనే ఒక సూచికను సిద్ధపఱచుకొనుట. దానినే 'ఇండెక్స్' అందురు. కంప్యూటరు తీరికగా నున్న వేళలలో, ఫైళ్ళ పేర్లను, తేదీలను, లోపలి మాటలను చదివి, ఏ మాట ఏయే ఫైళ్ళలో నున్నదో వ్రాసిపెట్టుకొనును. ఎవరైన వెదకినపుడు ఫైళ్ళను చూడక, ఆ సూచికను చూచి రెప్పపాటులో బదులు చెప్పును. 2005లో ఆపిల్ సంస్థవారి మాక్ కంప్యూటరులలో 'స్పాట్‌లైట్' అను పేరను, 2007లో ప్రజలకు విడుదలైన విండోస్ విస్టాలో వ్యవస్థ యందు అంతర్భాగముగను ఇట్టి సూచిక వాడుకలోనికి వచ్చినది. తరువాత వచ్చిన విండోస్ 10, విండోస్ 11 లును ఈ మార్గమునే అనుసరించినవి.

సూచిక వలన వేగము కలిగినది. దానితోపాటు ఒక లోపమును కలిగినది. సూచికకు ఎక్కనిది వెదకువానికి కనబడదు. కావున ఫైలు దొరకనపుడు, అది పోయినదని తలంపక, సూచికకు ఏల ఎక్కలేదని విచారింపవలెను.

మొట్టమొదట చూడవలసినది పేరు. మనుష్యుడు 'ధ్రువపత్రము', 'ధృవపత్రం', 'ధ్రువీకరణ పత్రం' అను మూడింటిని ఒకే అర్థమున గ్రహించును. యంత్రమునకు అవి మూడు వేఱు మాటలు. అందుచేత పొడవైన పేరు వ్రాయుటకంటె, తప్పక ఉండునని తోచిన చిన్న మాటను, 'ఆదాయ' వంటిదానిని, వ్రాయుట మేలు. విండోస్ సామాన్యముగా మాటల మొదటి భాగమును బట్టి వెదకును. మాట నడుమ నున్న అక్షరములు మాత్రమే జ్ఞాపకమున్నచో వానికి ముందు నక్షత్రపు గుర్తు (*) ఉంచవలెను. 'ఏ అక్షరములైనను సరియే' అని ఆ గుర్తునకు అర్థము.

రెండవది స్థలము. విండోస్ మొదట 'క్లాసిక్' అను పద్ధతిలో నుండును. అప్పుడు డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ మొదలగు కొన్ని ఫోల్డరులు మాత్రమే పూర్తిగా సూచికకు ఎక్కును. వేఱొక డ్రైవులో దాచినవి ఎక్కకపోవచ్చును. పెన్‌డ్రైవులోనివి సామాన్యముగా ఎక్కవు.

మూడవది ఫైలు స్వభావము. టైపు చేసిన వ్రాతలోని మాటలు యంత్రమునకు మాటలే. స్కాను చేసిన కాగితము అట్లు కాదు. అది కాగితపు ఛాయాచిత్రము. దానిపైని అక్షరములు కంటికి అక్షరములు, కంప్యూటరునకు నలుపు తెలుపు చుక్కలు. కాగితముపై 'ఆదాయ ధ్రువపత్రము' అని ఎంత పెద్దగా వ్రాసియున్నను, ఫైలు పేరులో ఆ మాట లేనిచో సామాన్యముగా దొరకదు.

నాలుగవది తెలుగు వ్రాతకు ప్రత్యేకమైన చిక్కు. 1991లో యూనికోడ్ అను అంతర్జాతీయ లిపిసంకేత పద్ధతి ఏర్పడినపుడు అందు తెలుగు అక్షరములకును స్థానము లభించినది. దాని ప్రకారము 'అ' అను అక్షరము సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. నేడు తెలుగులో టైపు చేసి వెదకునపుడు కంప్యూటరు ఈ సంఖ్యలనే వెదకును. కాని ముద్రణాలయములలో చాలకాలము వేఱు ఖతులు వాడుకలో నుండెను. వానిలో తెరపై తెలుగు కనబడినను, లోపల నున్నవి ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలు. అట్లు టైపు చేసిన శుభలేఖలు, సావనీర్లు, వ్యాసములు పెక్కిండ్లలో నేటికిని కలవు. తెలుగు మాటతో వెదకినచో అవి దొరకవు. వానిని యూనికోడులోనికి మార్చుట, లేక ఫైళ్ళకు సరియైన పేర్లు పెట్టుట తప్ప వేఱు మార్గము లేదు.

ఐదవది సూచికయే అసంపూర్తిగా నుండుట, లేదా చెడిపోవుట. క్రొత్త ఫైళ్ళు ఒక్కసారిగా వచ్చి పడినపుడు అవి సూచికకు ఎక్కుటకు కొంత కాలము పట్టును. ల్యాప్‌టాపు బ్యాటరీతో నడుచునపుడు ఆ పని నెమ్మదించును. ఇంతకుముందు దొరకిన ఫైలు, పేరు గాని చోటు గాని మారకయే, ఇప్పుడు దొరకనిచో సూచిక చెడినదని అనుమానింపవచ్చును.

మేనమామ ఈ కారణములను వరుసగా వివరించి, "ఆ కాగితమును స్కాను చేసినవాడు దానికి ఏ పేరు పెట్టి యుండును?" అని అడిగెను.

"అంగడివాడు పేరు పెట్టడు. యంత్రమే అంకెలు వేయును" అని ఆమె చెప్పెను.

"అట్లయిన పేరుతో వెదకుట వ్యర్థము. నీకు తెలిసినదానితో వెదకుము. ఏమి తెలియును?"

బాలిక క్షణకాలము ఆలోచించెను. "గత మాసమున స్కాను చేసినారు. అది చిత్రము. అన్న తన వస్తువులన్నియు డి డ్రైవులో పెట్టుకొనును."

"ఈ మూడును చాలును" అని ఆయన నవ్వెను.

ఆమె డి డ్రైవును తెఱచి, అందలి వెదకు గడిలో నక్షత్రపు గుర్తు నుంచెను. తరువాత 'సెర్చ్ ఆప్షన్స్' అను పట్టికలో రకము చిత్రమనియు, తేదీ గత మాసమనియు ఎన్నుకొనెను. ఆ డ్రైవు సూచికలో లేదు గనుక కంప్యూటరు ఒక్కొక్క ఫోల్డరును తెఱచి చూడవలసివచ్చినది. పైనున్న ఆకుపచ్చని గీత మెల్లగా కదలినది. ఒక్కొక్కటిగా చిత్రములు కనబడసాగినవి: అన్న స్నేహితులు, క్రికెట్టు ఆట, ఒక పెండ్లి. పదునేడవ చిత్రము ఆదాయ ధ్రువపత్రము! అది 'న్యూ ఫోల్డర్ (3)' అను ఫోల్డరులో, కేవలము అంకెల పేరుతో నుండెను.

ఆ రాత్రియే దరఖాస్తు పూర్తియైనది. కాని మేనమామ అంతటితో విడువలేదు. కంట్రోల్ ప్యానెల్‌లోని 'ఇండెక్సింగ్ ఆప్షన్స్' తెఱపించి, 'మాడిఫై' అను మీటతో డి డ్రైవును సూచికలో చేర్పించెను. పిమ్మట 'అడ్వాన్స్‌డ్' అను భాగమున 'రీబిల్డ్' అను మీటను చూపెను. ఆమె చేయి వెనుకకు తీసికొనెను.

"మామయ్యా, ఇది నొక్కినచో ఫైళ్ళన్నియు తుడిచిపెట్టుకొని పోవునేమో!"

"పోవు. గ్రంథాలయపు పట్టిక చినిగినదని క్రొత్త పట్టిక వ్రాసినచో పుస్తకములకు ఏమి నష్టము? పాత సూచిక మాత్రము పోయి క్రొత్తది తయారగును. కొన్ని గంటలు పట్టవచ్చును. అంతవఱకు వెదకినవి కొన్ని దొరకకపోయినను బెదరరాదు."

ఆయన మఱియొక మాటయు చెప్పెను. రీబిల్డు చేయుటకు ముందు కంప్యూటరును ఒకసారి ఆపి మరల నడిపి చూడవలెను. 'సర్వీసెస్' అను పట్టికలో 'విండోస్ సెర్చ్' అను సేవ నడచుచున్నదో లేదో చూడవలెను. చిన్న చికిత్సతో పోవు జబ్బునకు పెద్ద చికిత్స అక్కఱలేదు.

నిద్రకు పోవుటకు ముందు బాలిక ఆ అంకెల పేరును తీసివేసి, 'ఆదాయ ధ్రువపత్రము నాన్న' అని పేరు పెట్టినది. డాక్యుమెంట్స్ ఫోల్డరులో 'చదువు పత్రములు' అను క్రొత్త ఫోల్డరు నేర్పఱచి దానిని అందులో ఉంచినది. మఱునాటి ఉదయమున వెదకు గడిలో 'ఆదాయ' అని వ్రాసినదో లేదో, పత్రము ఎదుట నిలచినది.

యంత్రము ఎంత వేగము కలదైనను, తనకు చెప్పినదానినే వెదకును, తాను వ్రాసికొన్న సూచికనే నమ్మును. అది 'లేదు' అన్నపుడు ఆ మాటను కడపటి తీర్పుగా గైకొనరాదు. పేరు సరియైనదా, చోటు సరియైనదా, అది మాటయా చిత్రమా, సూచిక పూర్తియైనదా అని వరుసగా ప్రశ్నించుకొనవలెను. అన్నింటికంటె సులువైన పని ఇంకొకటి కలదు. దాచునపుడే ఫైలునకు తగిన పేరు పెట్టి, తగిన చోట నుంచుట. అందుకు అర నిమిషము పట్టును. ఆ అర నిమిషమును మిగుల్చుకొనబోయి, ఒక బాలిక ఒక సాయంకాలమంతయు కన్నీరు కార్చినది.