దీపావళి నాటికకు పిల్లలను సిద్ధం చేద్దాం

దీపావళికి మన గుడి హాల్లో పిల్లల చేత నరకాసుర వధ నాటిక వేయించడం ఆనవాయితీ. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు నేర్పేటప్పుడు మేము పాటించే పద్ధతిని తల్లిదండ్రుల కోసం రాస్తున్నాము.

ముందు కథ: అమెరికాలో పెరిగే మన పిల్లలకు తెలుగు డైలాగులు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే శబ్దాలు మాత్రమే బట్టీ పడతారు. ఒక్క మాట మరిచిపోతే అక్కడే నిలబడిపోతారు. కథ తెలిసిన పిల్లలు వచ్చిన మాటలతోనే నెట్టుకొస్తారు. అందుకే మొదటి వారం కాగితం ఇవ్వము, కథే చెబుతాము. ఆ కథను పిల్లలు ఫోనులో అమ్మమ్మకో తాతయ్యకో తెలుగులో చెప్పాలి. అదే మొదటి రిహార్సల్. నరకుణ్ణి చంపింది సత్యభామేనని చాలా ఇళ్ళలో చెబుతారు. పోతన భాగవతం దశమ స్కంధంలో సత్యభామ విల్లు పట్టి యుద్ధం చేస్తుంది, చివరికి చక్రంతో సంహరించేది కృష్ణుడు. పిల్లలు అడిగితే రెండూ చెప్పండి.

అందరికీ పాత్ర: చెరలోని రాజకన్యలు, ద్వారక ప్రజలు గుంపుగా పలికే మాటలు పెట్టండి. నత్తి ఉన్న పిల్లల్లో చాలామంది నలుగురితో కలిసి పలికినప్పుడు తడబడరు. వారి మాటను మనం అందుకుని పూర్తి చేయకూడదు.

రోజూ కొంచెం: ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కన్నా రోజూ పది నిమిషాలు మేలు. కాగితం చూసి చదివించడం కాక, చూడకుండా గుర్తు తెచ్చుకోమనాలి. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రాత్రి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నేర్చుకున్నది మనసులో నిలవడానికి నిద్ర తోడ్పడుతుంది. రిహార్సల్ కోసం నిద్ర తగ్గించకండి.

స్టేజీ మీద: మాట అందించడానికి తెర పక్కన ఒక్కరే ఉండాలి. ముందు వరుస నుంచి అమ్మానాన్నలు అందిస్తే పిల్లలు కంగారు పడతారు. పట్టుపావడాలు, జరీ ఉత్తరీయాలు వేసుకున్న పిల్లల చేతికి నిజం దీపాలు వద్దు, బ్యాటరీ దీపాలు చాలు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజంలో పిల్లలు పెద్దల పక్కన వేషం కడుతూ నాటకం నేర్చుకున్నారు. మన పిల్లలకు దొరికేది కొన్ని వారాలే. వాళ్ళు తప్పు లేకుండా అప్పజెప్పడం కన్నా, తెలుగులో ఒక కథ తమదిగా చెప్పగలగడం మనకు ముఖ్యం.