స్వాహిలీలో ఒకటి, రెండు, మూడు

ఆఫ్రికాలో టాంజానియా అనే దేశం ఉంది. అక్కడ అందరినీ కలిపే భాష స్వాహిలీ. ఆ దేశం 1970ని వయోజన విద్యా సంవత్సరంగా జరిపింది. మనలాగే అక్కడి ఆడవాళ్లూ పెద్దయ్యాక పలక పట్టారు.

వాళ్ల అంకెల పేర్లు చదవండి:

1 మోజా, 2 మ్బీలి, 3 తాతు, 4 న్నె, 5 తానో,
6 సీతా, 7 సాబా, 8 నానె, 9 తీసా, 10 కూమి.

పది దాటితే ఎలా? మధ్యలో 'న' చేర్చాలి.
11 అంటే కూమి న మోజా. అంటే పదీ ఒకటీ.
13 అంటే కూమి న తాతు. మన పదమూడులోనూ పదీ మూడూ ఉన్నాయి కదా!

గంటల లెక్క మాత్రం వేరు. వాళ్లు పొద్దు పొడిచింది మొదలు లెక్కపెడతారు. మనకు ఉదయం ఏడు గంటలైతే, వాళ్లకు ఒంటిగంట. 'సా మోజా' అంటారు.

ఆస్పత్రిలో నర్సమ్మ "రేపు పొద్దున సా తాతుకు బిడ్డను తీసుకురా" అంది. తల్లి ఎప్పుడు వెళ్లాలి? మన లెక్కలో తొమ్మిదింటికి. మధ్యాహ్నం మూడింటికి వెళితే బిడ్డకు సూదిమందు తప్పిపోతుంది. అంకె తెలిస్తే చాలదు, లెక్క ఎక్కడ మొదలో కూడా తెలియాలి.

చెప్పండి:
1. 15ను స్వాహిలీలో ఏమంటారు?
2. పొద్దున 'సా న్నె' అంటే మనకు ఎన్ని గంటలు?