పొద్దూకినంక కొట్టంలో పని

మహదేవపూర్ మండలం గోదావరి ఒడ్డున ఉంది. ఈ మండలంలోనే కాళేశ్వరం ఉంది. అక్కడ ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. 2016 వరకు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. ఇక్కడ వరి, పత్తి, మిరప పండిస్తారు. ఎడ్లు, ఆవులు, బర్రెలు, మేకలు పెంచుతారు.

పొద్దూకితే పశువులు ఇల్లు చేరుతాయి. అప్పుడు కొట్టంలో పని ఎవరిది? ఎక్కువ ఇళ్ళలో ఆడవాళ్ళదే. పేడ ఎత్తేది, కుడితి పెట్టేది, పాలు పిండేది వాళ్ళే. అందుకే పశువుకు బాగలేకపోతే ముందుగా తెలిసేది కూడా వాళ్ళకే.

కట్టేసేటప్పుడు చూడాలి

పశువును ముక్కు నుండి తోక దాకా ఒకసారి చూడాలి. ముట్టె చెమ్మగా ఉంటే మంచిది. ఎండిపోతే జ్వరం ఉండవచ్చు. నోట్లో పుండ్లు, చొంగ, గిట్టల నడుమ పుండ్లు ఉంటే అది గాలికుంటు కావచ్చు. అలాంటి పశువును వేరుగా కట్టాలి. దాని కుడితి తొట్టి కూడా వేరుగా ఉండాలి.

చెవుల్లో, తోక కింద గోమార్లు ఉంటాయి. అవి రక్తం తాగుతాయి. గోమార్లు పోవాలని కొందరు పత్తికి కొట్టే మందు పశువు మీద పోస్తారు. ఇది చాలా ప్రమాదం. పశువు ఒళ్ళు నాకి మందు మింగుతుంది. పశువుల డాక్టరు ఇచ్చిన మందే వాడాలి.

నీళ్ళు, మేత, పాలు

పాలిచ్చే బర్రె రోజుకు 50 లీటర్లకు పైగా నీళ్ళు తాగుతుంది. నీళ్ళు తక్కువైతే పాలు తగ్గుతాయి.

వానలు లేక వాడిన లేత జొన్న, కోసినంక వచ్చిన జొన్న పిలకలు మేపకూడదు. వాటిలో విషం ఉంటుంది. పశువు కొద్దిసేపట్లోనే చనిపోవచ్చు.

పాలు పిండే ముందు చేతులు, పొదుగు కడగాలి. పిండినంక ముందర గడ్డి వేయాలి. బర్రె అరగంట సేపు నిలబడి తింటుంది. అప్పటికి చనుమొనల రంధ్రాలు మూసుకుంటాయి. వెంటనే పడుకుంటే మురికి లోపలికి పోయి పొదుగువాపు వస్తుంది.

దోమలకు వేపాకు పొగ వేస్తాం. పడుకునే ముందు ఆ నిప్పు ఆర్పాలి. గడ్డి కొట్టానికి ఒక్క రవ్వ చాలు.

చివరికి నెమరు చూడాలి. గుర్రం నెమరు వేయదు. ఆవు, బర్రె, మేక, గొర్రె నెమరు వేస్తాయి. నెమరు ఆగిందంటే ఏదో జబ్బు ఉన్నట్టే.

ఒక ఇంటి ముచ్చట

ఒక పల్లెలో అత్తాకోడళ్ళు మహిళా సంఘంలో అప్పు తీసుకొని బర్రెను కొన్నారు. తొలి వానలు పడ్డాయి. ఒకనాడు పొద్దూకినంక బర్రె కుడితి ముట్టలేదు. కోడలు దగ్గరికి పోయి చూసింది. బర్రె ఒళ్ళు కాలుతున్నది. గొంతు కింద వాపు ఉంది. ఊపిరి తీస్తే గురగుర చప్పుడు వస్తున్నది.

"అత్తమ్మా, బర్రె కుడితి తాగుతలేదు. గొంతు వాచింది."

"దిష్టి తగిలింది బిడ్డా. మిరపకాయలు తిప్పేస్తా. పొద్దుగాల చూద్దాం."

"దిష్టి నువ్వు తియ్యి అత్తమ్మా. నేను డాక్టరుకు ఫోన్ చేస్త. ఇది గొంతువాపు అయితే తెల్లారేదాక ఆగదు. బర్రె చచ్చినా అప్పు చావదు."

డాక్టరు నంబరు కోడలు తన నోటుబుక్కులో రాసుకొని ఉంది. అంకెలు చూసి తనే ఫోన్ చేసింది. ఆ రాత్రే సూది పడింది. బర్రె బతికింది.

ఆ ఏడు ఆ బర్రెకు టీకా పడలేదు. టీకాల వాళ్ళు ఊరికి వచ్చిన రోజు ఇద్దరూ కూలికి పోయారు. ఏ రోజు వస్తారో వాళ్ళకు తెలియలేదు.

టీకా గుర్తు పెట్టుకోండి

గొంతువాపు, జబ్బవాపు టీకాలు మిరుగు రాకముందే వేయించాలి. గాలికుంటు టీకా ఏడాదికి 2 సార్లు వేయించాలి. వెనుకట ముసర వ్యాధితో మందలకు మందలే చచ్చేవి. టీకాల వల్ల ఆ జబ్బు 2011 నాటికి లోకంలోనే లేకుండా పోయింది.

పశువుల వైద్య వాహనం నంబరు 1962. ఈ ఫోనుకు పైసలు పడవు.

చెప్పండి

1. పాలు పిండినంక గడ్డి ఎందుకు వేయాలి?
2. పత్తి మందు పశువు మీద ఎందుకు పోయకూడదు?
3. టీకాల రోజు ముందే తెలియాలంటే మీ సంఘం ఏం చేయాలి?

రాయండి

మా పశువు: ..........
టీకా పేరు: ..........
వేయించిన తేదీ: ..........
మళ్ళీ వేయించే తేదీ: ..........
డాక్టరు నంబరు: ..........